జేబున్న బొంత

మయూర్ విహార్ ఫేజ్-1,
ఢిల్లీ.
7 డిసెంబర్ 2025

ఒకప్పటి ప్రాణస్నేహితుడు, ప్రస్తుతం నా నంబరు బ్లాక్ చేసి కూర్చున్న లక్ష్మీపతికి పార్థసారథి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ ఛాయా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమేనా అని అడగనక్కర్లేదు, మీ అమ్మాయి శ్రీవల్లి ఛాయకు ఫోన్ చేసి అన్నీ చెబుతూనే ఉంది. నీ మోకాలి నొప్పి తగ్గిందట, నోటి దురుసు మాత్రం అలాగే ఉందట. సంతోషం. మనిషివి మారలేదన్నమాట.

ఈ ఉత్తరంతోపాటు ఛాయ చేతిలో ఒక సంచీ ఉంటుంది. అందులో నువ్వు తిప్పి పంపిన బొంతే ఉంది. దాన్ని మళ్ళీ పంపుతున్నాను. ఈ చలికాలం నీ మనవరాలు సాత్విక దాని మీదే పడుకోవాలి. ఇది నా కోరిక అనుకుంటే కోరిక, మొండితనం అనుకుంటే మొండితనం. నువ్వేమనుకున్నా నాకొకటే.

బారసాలనాడు ఏం జరిగిందో నీకు గుర్తుండకపోవచ్చు. నవ్వినవాడికి గుర్తుండదు, నవ్వులపాలైనవాడికి ఉంటుంది. మీ ద్వారక ఇంట్లో, ఇంటినిండా చుట్టాలుండగా, ఉయ్యాల పక్కన నేను ఆ బొంత విప్పాను. నువ్వు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, ఏమిట్రా ఇది, పెన్షన్ తీసుకుంటూ ఈ ఆడంగి పనులేమిటి అన్నావు. బొంతకి జేబేమిట్రా, పిల్ల అందులో పర్సు పెట్టుకుంటుందా అన్నావు. పైగా ఆ జేబుకి ఇంకు మరక ఒకటి అని అందరికీ తిప్పి చూపించావు. ఎవడో విడిచిన చొక్కాలు తెచ్చి నా మనవరాలి కింద పరుస్తావా, మేం అంత గతిలేకుండా ఉన్నామా అన్నావు. చివరికి కళ్ళద్దాలు సర్దుకుని, ఒక సగం కుట్టు నున్నగా ఉంది, ఇంకో సగం తాగినవాడి నడకలా ఉంది, సగం ఎక్కడో కొనుక్కొచ్చి మిగతా సగం నువ్వు చెడగొట్టావు కదూ అని నిలదీశావు. మన పద్మనాభం ఊరుకుంటాడా? ఫోటో తీసి తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, పార్థసారథిగారి కొత్త ఉద్యోగం అని రాశాడు. దాని కింద ఎన్ని పళ్ళికిలించిన బొమ్మలో!

నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. శుభకార్యంలో అలా చెయ్యడం తప్పే, మీ అమ్మాయికి ఆ మాట ఫోన్లో చెప్పాను. నీకు మాత్రం చెప్పను. మర్నాడు పద్మనాభం కారులో బొంత తిరిగొచ్చింది. అదీ పాలిథిన్ కవర్లో కుక్కి. మడిచి పంపడానికైనా నీకు చేతులు రాలేదు.

సరే, ఇక నా మాట విను. ఇన్నాళ్ళూ నీ మాటలు నేను విన్నాను కదా.

మొదటిది, ఆడంగి పని. నీ రిటైర్మెంటుకి సూటు కుట్టిన మాస్టర్ ఆడమనిషా? మనం చిన్నప్పుడు దీపావళి బట్టలు కుట్టి ఇచ్చినవాళ్ళంతా మగవాళ్ళు కారా? కూలికి కుడితే మగతనం, ఇష్టపడి కుడితే ఆడంగితనమా? ఈ న్యాయం ఎక్కడిదో చెప్పు. నేను చిన్నప్పటి నుంచీ నా చొక్కా గుండీలు నేనే కుట్టుకునేవాణ్ణి. ఛాయ సూదిని చూస్తే ఆమడ దూరం పారిపోతుందని నీకు తెలుసు. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఫైళ్ళకి ట్యాగులు గుచ్చి గుచ్చి కట్టాను. వాటిలో ఒక్క ఫైలూ ఎవరికీ వెచ్చదనం ఇవ్వలేదు. ఇప్పుడు చేసేది ఇస్తుంది. అంతే తేడా.

రెండోది, పాతగుడ్డలు. పసిపిల్లకి కొత్తబట్ట గరుకు, పెద్దవాళ్ళు కట్టి విడిచిన మెత్తటి గుడ్డే ముందు వెయ్యాలని మీ అమ్మా అనేది, మా అమ్మా అనేది. మనిద్దరం అలాంటి బొంతల మీద దొర్లి పెరిగినవాళ్ళమే. ఢిల్లీ వచ్చి నాలుగు సెక్టార్లు చూడగానే బొంత బిచ్చగాళ్ళదైపోయిందా?

మూడోది, వంకర కుట్టు. ఒప్పుకుంటాను. ఆ వంకర సగం నాదే. గుడ్డికన్నా మెల్ల మేలు, ఇదివరకు అది కూడా వచ్చేది కాదు. నువ్వు ఎప్పుడైనా పొరల మీద పొరలు పరిచి, జారకుండా టాకాలు వేసి, సూది కిందిదాకా దించి పైకి తీశావా? తీసి చూడు. నీ కుట్టు ఎక్కడికి పోతుందో నేనూ చూస్తాను.

ఇందులో ఎన్ని కష్టాలున్నాయో నీకేం తెలుసు? సూదిలోకి దారం ఎక్కించడమే ఒక యజ్ఞం. కళ్ళద్దాలు పెట్టుకుంటే సూది రెండుగా కనిపిస్తుంది, తీసేస్తే అసలు కనిపించదు. దారం మీద మైనం రాయకపోతే చిక్కుపడుతుంది, ఎక్కువ రాస్తే మొరాయిస్తుంది. బొంత పరిచి రెండు సాయంత్రాలు కష్టపడి కుట్టాక తిరగేసి చూస్తే కింద పొర ముడత పడి ఉంటుంది. అప్పుడు విప్పడం ఉంటుందే, అది కుట్టడం కంటే ఎక్కువ పని. ఒకసారి ఆ కోపంలో బొంతని కుర్చీ మీదికి విసిరికొట్టాను. సూది అందులోనే ఉంది. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది కూడా నేనే. ఇంకోసారి బొంతతో పాటు నా లుంగీని కలిపి కుట్టేసుకుని, తలుపు బెల్లు మోగితే లేచాను. కొరియర్ అబ్బాయికి ఆ దృశ్యం ఈ జన్మకి చాలు. మెట్రోలో కుట్టుకుందామంటే కత్తెర తీసుకెళ్ళనివ్వరు, దారం పంటితో కొరికి కొరికి కట్టుడు పన్ను ఊడింది. ఛాయ నవ్వింది. నేను కట్టించుకుని మళ్ళీ కుట్టాను.

ఇన్ని కష్టాలుంటే మానెయ్యచ్చు కదా అంటావు. మానను. చలికాలం పదకొండింటి ఎండలో మన సొసైటీ పార్కు బెంచీ మీద కూర్చుని, ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా ఒక వరస పూర్తిచేసి, చేత్తో నిమిరితే గుడ్డ చిన్న చిన్న గట్లు కట్టినట్టు తగులుతుంది. ఆ తగలడం కోసం మాననురా. మొదట్లో పార్కులో ఆంటీలు, భాయీసాబ్, రజాయీ బనా రహే హో క్యా అని వెటకారంగా అడిగేవారు. రజాయి కాదు, బొంత అని చెప్పేవాణ్ణి. రెండో బ్లాకు గఢ్వాలీ ఆవిడ, అచ్ఛా, గుదడీ, మా అమ్మమ్మ చేసేది అని పక్కన కూర్చుంది. ఇప్పుడు ఆవిడే ఇంట్లో పాతగుడ్డలు ఏరి తెచ్చి ఇస్తోంది. పిల్లలు నన్ను గుదడీ అంకుల్ అంటున్నారు. అననీ. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు. పద్మనాభం గ్రూపులో పెట్టిన ఫోటో చూసి, నోయిడా నుంచి ఎవరో తెలుగమ్మాయి, అంకుల్, నాకూ నేర్పుతారా అని మెసేజ్ పెట్టింది. వచ్చే ఆదివారం వస్తోంది. ఈ సంగతి పద్మనాభానికి కూడా చెప్పు.

బట్టల విషయంలో నీ తీర్పులు నాకు కొత్తవి కావులే. నువ్వు మా కింది అంతస్తులో ఉన్నప్పుడు, ఆఫీసు చొక్కాలు మాయమవుతున్నాయని గేటు దగ్గర ఇస్త్రీ భయ్యాను పదిమందిలో దొంగని చేశావు. అతను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. నీకు ఒకసారి తోచిందంటే అదే వేదం. ఆ రోజు అతను ఎలా నిలబడ్డాడో, మీ ఇంట్లో బొంత పట్టుకుని నేనూ అలాగే నిలబడ్డాను.

ఒక్క మాట మాత్రం నిజంగా నొప్పి పుట్టించింది, అది దాచను. నీ ఇల్లాలు, నాగేంద్రమ్మ చెల్లెమ్మ పోయాక నువ్వు ఈ కింది ఇల్లు ఖాళీ చేసి మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయావు. బ్లూ లైన్లో ఆ చివరికీ ఈ చివరికీ మధ్య ఎంత దూరమున్నా, నువ్వు పిలిస్తే వచ్చాను, పిలవకపోయినా వచ్చాను. అలాంటివాణ్ణి, సగం కొనుక్కొచ్చావు కదూ అని అడిగావు. నేను తెచ్చినదాంట్లో కొన్నది ఒక్క పోగు కూడా లేదు. ఇంతకుమించి నీకు సంజాయిషీ ఇవ్వను.

బొంత ఉతికి, ఎండలో వేసి, మడిచి పంపుతున్నాను. పిల్ల కింద పరుచు. మూత్రం పోస్తే ఉతుకు, అదేం పాడవదు. నువ్వు మాట్లాడకపోతే నష్టం నీదే, నాకు ఇక్కడ కుట్టుకోడానికి చాలా ఉంది.

శ్రీవల్లికి, మీ అల్లుడికి మా ఆశీస్సులు. సాత్వికకు ముద్దులు. నీకు ఏమీ లేవు.

ఇట్లు,
సూది కింద పెట్టని
పార్థసారథి

తా.క. కవరు అంటించబోతుంటే ఛాయ తీసుకుని చదివింది. ఇంత రాసి అసలు సంగతి రాయలేదేం అంది. నా సూది తరఫున నేనే పోట్లాడాలి, ఇంకొకరి పేరు అడ్డం పెట్టుకుని నెగ్గకూడదు అన్నాను. నీ పోట్లాట నీదే, బొంత మాత్రం నీది కాదు కదా, అది చెప్పకుండా దాచడానికి నువ్వెవరు అంది. అందుకే మళ్ళీ కలం తీశాను. నిలబడి చదువుతుంటే కూర్చో.

ఆ బొంత మొదలుపెట్టింది నాగేంద్రమ్మ. నువ్వు ఆఫీసుకు వెళ్ళాక, నీకంటే ముందే రిటైరైన నేనూ ఛాయా కిందికి దిగి ఆవిడకి తోడుగా కూర్చునేవాళ్ళం కదా, అప్పుడు కుట్టేది. నీ అడుగుల చప్పుడు వినగానే మంచం కింద దాచేది. శ్రీవల్లికి పుట్టబోయే పిల్ల కోసం, అప్పటికింకా ఆ ఊసే లేదు. నువ్వేమో వచ్చినవాళ్ళందరికీ, తగ్గిపోతోంది, రేపు మనవల్ని ఈవిడే నలుగుపెట్టి స్నానం చేయిస్తుంది అని చెబుతుండేవాడివి. ఆవిడ అవునవునని తలూపేది. తను అప్పటిదాకా ఉండనని ఆవిడకి తెలుసురా. అన్నయ్యగారూ, ఇది ఆయన చూస్తే నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోతుంది, పిల్ల పుట్టేదాకా చెప్పకండి అంది. పిల్లని పడుకోబెట్టి అందరి ముందూ చెబుదామనే బారసాలకి వచ్చాను. నువ్వు నవ్వావు. చెప్పకుండానే లేచి వచ్చేశాను.

మందులకి ఆవిడ వేళ్ళు తిమ్మిరెక్కి, సూది జారిపోవడం మొదలైంది. అప్పుడు నాకు నేర్పింది. ఛాయకి నేర్పుదామని చూసింది గానీ ఆ సంగతి వదిలెయ్. విడిగా ఒక పాతగుడ్డ మీద నేను వేసిన మొదటి వరస చూసి, అన్నయ్యగారూ, మీరు ఫైలు కడుతున్నారా అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నెలల్లో ఆవిడ అంతలా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

నువ్వు పట్టుకున్న ఆ నున్నటి సగం ఆవిడది. బొంత తిరగేసి చూడు. నా ముడులన్నీ కుడి అంచున, ఆవిడవన్నీ ఎడమ అంచున ఉంటాయి. ఆవిడది ఎడమచేతి వాటమని నీకు నేను చెప్పాలా?

లోపలి పొరల్లో ఉన్నవి ఆవిడ నూలు చీరలు, ఒక్కటి కూడా చింపలేదు. పైన ఉన్న ఆ ఎవడో విడిచిన చొక్కాలు నీవి. ఇస్త్రీ భయ్యా ఒక్కటీ తియ్యలేదు. నువ్వు అతనితో గొడవపడిన రోజు ఆవిడ అన్నం తినలేదు. చెప్పలేక, మర్నాడు బీరువాలో చీరలన్నీ తీసి అతనికి ఇస్త్రీకి ఇచ్చింది. అతను ఇప్పటికీ గేటు దగ్గరే ఉన్నాడు. వచ్చి మాట్లాడు. నా దగ్గరికి తర్వాత రా.

జేబు నేను విప్పబోతే వద్దంది. ఆయన పెన్ను కక్కిన మరక, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు, దాన్ని అలాగే ఉంచండి, పిల్ల చెయ్యి పెట్టుకుంటుంది అంది.

ఆవిడ ఆపిన చోట సూది గుడ్డలోనే గుచ్చి ఉంది, దారంతో సహా. నేను అక్కడ ముడి వెయ్యలేదు. అదే సూది, అదే దారం పట్టుకుని ముందుకు వెళ్ళాను. అందుకే నున్నటి వరస మధ్యలోనే ఉన్నట్టుండి వంకర తిరుగుతుంది. అది నువ్వు నవ్విన చోటే.

ఈసారి వెనక్కి పంపితే నేను తీసుకోను.