గిన్నెల చప్పుడు

మంగళవారం, రాత్రి. వాన కాస్త తగ్గింది.

హైదరాబాద్ దవాఖానలో మా ఆయనకు ఈరోజు కొత్త మందు మొదటి డోసు ఎక్కించారు. తగ్గిందనుకున్న బ్లడ్ క్యాన్సర్ తిరగబెట్టాక మిగిలిన దారి ఇదొక్కటే. యాంటీబాడీ మందట, ఇప్పుడిప్పుడే మనుషులకు ఇచ్చి చూస్తున్నారు. ముందు ఒంటికి పడుతుందో లేదో చూడాలి, నయమవుతుందని మాటివ్వలేం అంది డాక్టరమ్మ. అయినా ఒప్పుకున్నాడు. తోడుగా మరిది ఉన్నాడు. నేను పిల్లల బడి కోసం ఇక్కడే.

మధ్యాహ్నం ఫోన్ చేశాడు. చలిజ్వరంతో గొంతు వణుకుతోంది.

"సరితా, బ్లాస్టింగ్ టైమైంది. జర గిన్నెల సప్పుడు ఇనిపియ్యి."

ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో పేల్చినప్పుడల్లా మా క్వార్టర్‌లో గిన్నెల స్టాండు గలగలలాడుతుంది. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న రోజుల్లో ఆ చప్పుడును ఎంత తిట్టేవాడో! ఈరోజు వానకు పేల్చలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్ పక్కన పెట్టి, రెండు చేతులతో స్టాండును పట్టుకొని ఊపాను.

"ఇనవడ్డదా?" అన్నాను.



"ఆఁ. నీ గాజుల సప్పుడు గూడ ఇనవడ్డది. రేపు గూడ నువ్వే పేల్చు."

జ్వరం ఎంతుందో అడగడమే మరిచిపోయాను.

రేపు కూడా వాన పడితే బాగుండు.