తబితే ఆడుతుంది

మొగల్తూరు,
12 ఫిబ్రవరి 2024, సోమవారం.

వశిష్ఠ మహిళా వాలీబాల్ క్లబ్బు అధ్యక్షులు జోగేశ్వరరావు గారికి సంపూర్ణమ్మ నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. మోకాలి నొప్పి తప్ప చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు. నరసాపురంలో మీరు, మీ ఇంట్లోవాళ్ళు కులాసాగా ఉన్నారని, బట్టల కొట్టు బాగా సాగుతోందని తలుస్తున్నాను. మీ నోటీసులో నా క్షేమం అడగలేదు. అయినా నేను అడుగుతున్నాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో పిల్లలకు డ్రిల్లు చెప్పినదాన్ని, వరస తప్పడం నాకు చేతకాదు.

ఏడో తారీఖు నోటీసు అందింది. కమిటీ తీర్మానాన్ని ధిక్కరించి, రాజమహేంద్రవరం టోర్నమెంటు ఫైనల్లో కుమారి తబితను సెట్టరుగా ఆడించి, జట్టు ఓటమికి కారణమైనందుకు నన్ను కోచ్ పదవి నుంచి ఎందుకు తీసేయకూడదో సంజాయిషీ ఇవ్వమన్నారు. ఇస్తున్నాను. క్షమాపణ మాత్రం ఇందులో వెతక్కండి, దొరకదు.

ముందు ఒక మాట. మన కమిటీలో సగం మందికి సెట్టర్ అంటే ఏంటో తెలియదని జనవరి మీటింగులోనే నాకు అర్థమైంది. స్మాష్ కొట్టిన పిల్లకు చప్పట్లు కొడతారు. ఆ బంతిని ఆ ఎత్తుకి, ఆ చోటికి, ఆ క్షణానికి లేపి అందించిన పిల్లను ఎవరూ చూడరు. అవతల వాళ్ళు కొట్టిన ప్రతి బంతీ రెండో తాకుడుకు సెట్టర్ దగ్గరికే రావాలి. ఎవరికివ్వాలో రెప్పపాటులో ఆ పిల్లే తేల్చుకోవాలి. బాగా ఇస్తే కొట్టిన వాళ్ళ గొప్ప. పాడైతే ఇచ్చినదాని తప్పు. పంతొమ్మిదేళ్ళ పిల్ల నెత్తిన మనం పెట్టింది ఈ బరువండి.

తబితనే ఎందుకు ఎంచానని మీరు ఎప్పుడూ అడగలేదు. నిరుడు ఈస్టర్ రోజున మా చర్చిలో భోజనాలు పెట్టారు. మూడు వరసలు కూర్చున్నాం. తబిత సాంబారు బకెట్టు పట్టుకుని తిరుగుతోంది. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ పిలవలేదు. అడుగంటిన ప్రతి విస్తరి దగ్గరికీ ఆ పిల్ల ముందే వచ్చి నిలబడుతోంది. ఒక వరసలో వడ్డిస్తూ, వీపు వెనక వరసలో ఎవరికేం తక్కువైందో చూస్తోంది. నేను తినడం మానేసి దాన్నే చూశాను. ఆ చూపు నేర్పితే వచ్చేది కాదండి. జూన్‌లో మన పాత సెట్టర్ రాణికి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయినప్పుడు, మీ అమ్మాయి మీనాకుమారికి కాకుండా వెనక వరసలో ఆడే ఈ పిల్లకు ఆ చోటు ఇచ్చింది అందుకే.

ఇక దాని లోపాలు. మన కమిటీ పల్లంరాజు గారు పొట్టిదన్నారు, పల్లెటూరి భయం అన్నారు. అవి లోపాలు కావు. అసలు లోపాలు నన్ను అడిగితే చెప్పేదాన్ని. కంగారు పుడితే బంతులన్నీ ఎడమ పక్క నుంచి కొట్టే సారికకే ఇస్తుంది. తల వెనక్కి బంతి ఇవ్వబోయే ముందు నడుము వంచి, ఇవ్వబోతున్నానని ఊరంతటికీ చాటుతుంది. గట్టిగా పేరు పెట్టి పిలవదు. అన్నిటికన్నా చెడ్డది, తప్పు చేయగానే బెంచి వైపు చూస్తుంది. తీసేస్తారేమోనని చూసే ఆ చూపుతో తర్వాతి బంతి కూడా పాడవుతుంది. డిసెంబరులో భీమవరంలో రెండు సెట్లు గెలిచి, మూడో సెట్లో ఇరవై–పధ్నాలుగు మీదుండి కూడా మనం ఓడిపోయామంటే కారణం ఇదే. వరసగా ఏడు బంతులు సారికకే ఇచ్చింది. ఏడింటికీ అవతల ముగ్గురు గోడ కట్టారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే ఆడించాను.

మీ అమ్మాయి సంగతి కూడా దాచను. మీనాకుమారివి శుభ్రమైన చేతులు. తప్పు చేయదు. ఎప్పుడూ ఒకే ఎత్తున, ఒకే చోటికి బంతి వెళ్తుంది. కానీ అది ఎక్కడికి వెళ్తుందో అవతల వాళ్ళకూ తెలుస్తుంది. ఆ పిల్లతో మనం మర్యాదగా మూడో స్థానంలో ఉంటాం. మీరు మీ కూతురి కోసం ఆ తీర్మానం చేయించారని నేను అనను. మీరు అలాంటి మనిషి కాదు. కానీ గదిలో మిగతా నలుగురూ మీ ముఖం చూసి చేతులెత్తారు. అది మీరు చూడలేదు.

జనవరి మీటింగు గుర్తుందా అండి? మీ కొట్టు పైగదిలో పెద్ద టీవీ పెట్టించారు. పల్లంరాజు గారు తబిత తప్పులన్నీ ఫోన్లో ఏరి, నెమ్మదిగా తిప్పి తిప్పి చూపించారు. పదిహేడు తప్పులు. ఆ వీడియో నేను ఇంటికెళ్ళి మళ్ళీ చూశాను. తొమ్మిదింటిలో అసలు తప్పు బంతిని సరిగా అందించని వెనక వాళ్ళది. అదలా ఉంచండి. ఆ గదిలోకి ఆ పిల్లను ఎందుకు పిలిపించారు? వాళ్ళ నాన్న ఏసుపాదం చేపల చెరువు దగ్గర మేత పనిలోంచి అలాగే వచ్చి, కాళ్ళకు బురదుందని గడప దాటలేదు. అక్కడే నిలబడి కూతురి తప్పులు పదిహేడూ చూశాడు. పల్లంరాజు గారు, “ఏమ్మా, ఇదంతా చూస్తే నీకేమనిపిస్తోంది?” అని అడిగారు. తబిత టీవీ మీంచి చూపు తిప్పకుండా, “నన్ను మార్చేయాలనే అనిపిస్తోందండి” అంది. ఎవరో నవ్వారు. తబిత బదులు మీనాకుమారిని సెట్టరుగా పెట్టాలన్న ఆ తీర్మానం కాగితం మీద నేను సంతకం పెట్టకుండా లేచి వచ్చింది అప్పుడే.

మెట్లు దిగాక ఏసుపాదం నాతో ఒకటే అన్నాడు. “అమ్మగారూ, పిల్లకి ఆట రాకపోతే చెప్పేయండి, మానిపించేస్తాను. ఇలాగ నలుగురిలో కూర్చోబెట్టొద్దండి.”

ఆట వచ్చని చెప్పాను. మర్నాడు పొద్దున్న ఐదున్నరకు గ్రౌండుకు పంపమన్నాను.

మూడు వారాలు ఏం చేశామో వినండి. తువ్వాలు మడిచి దాని భుజాల మీద వేసి, అది జారిపడకుండా వెనక్కి బంతి ఇవ్వమన్నాను. మొదటి రోజు తువ్వాలు నేల మీదే ఉంది. రెండో వారానికి భుజం దిగడం మానేసింది. పిలవడం రాదు కదా, కాలువ అవతలి గట్టు మీద నేను నిలబడి ఇవతల నుంచి జట్టులో అందరి పేర్లూ నాకు వినపడేలా అరవమన్నాను. రేవులో బట్టలుతికే వాళ్ళు నవ్వారు. మూడో రోజుకు ఆ బట్టలుతికే ఆవిడే, “ఇంకా గట్టిగా అనమ్మా, మీ టీచరుగారికి వినపడలేదు” అని సాయం పట్టింది. ఆ బెంచి చూపు మాత్రం పోలేదు. దానికి మందేంటో నాకు తెలియలేదు.

రాజమహేంద్రవరంలో మొదటి మూడు మ్యాచ్‌లూ తబితే ఆడింది, గెలిచాం. అది మీ వాట్సాప్ గ్రూపులో ఎవరూ పెట్టలేదు. ఫైనల్ రోజు పొద్దున్న మీరు నాలుగుసార్లు ఫోన్ చేశారు. సిగ్నల్ లేదని తర్వాత చెప్పాను. సిగ్నల్ ఉందండి. నేనే ఎత్తలేదు.

ఆ ఆదివారం ఆరాధన కూడా మానుకుని ఆ కోర్టు పక్కన కూర్చున్నాను. మొదటి సెట్టు ఇరవై ఐదు–పదమూడు. ఓడిపోయాం, చిత్తుగా. వెనక మెట్ల మీంచి పల్లంరాజు గారు, “మార్చండి, మార్చండి” అని అరిచారు. మార్చలేదు. రెండో సెట్టులో తువ్వాలు పాఠం పనికొచ్చింది. వెనక్కి ఇచ్చిన బంతి ఎటు పోయిందో అవతల వాళ్ళకు తెలిసేలోపు నేల మీద పడింది. ఆ సెట్టు మనది. మూడోది రెండు పాయింట్లతో పోయింది. నాలుగోది ఇరవై ఏడు–ఇరవై ఐదుతో మనది.

ఐదో సెట్టు పదిహేను పాయింట్లే కదా. పదకొండు–పదకొండు దగ్గర తబిత బంతిని రెండుసార్లు ముట్టింది. ఫౌల్. పాయింటు వాళ్ళకు పోయింది. అందరూ తిట్టారు. ఆ పిల్ల, నేను భయపడినట్టే, బెంచి వైపు తిరిగి చూసింది. నేను కుర్చీలోంచి కదల్లేదు. మార్చడానికి ఎవరూ రావడం లేదని దానికి తెలియాలి, అంతే. ఒక్క క్షణం చూసింది. ముఖం తుడుచుకుంది. కోర్టు వైపు తిరిగింది.

తర్వాత సర్వీసును మన వాళ్ళు సరిగా తీయలేదు. బంతి ఎక్కడో వెనక్కి పోతోంది. తబిత పరుగెత్తి దాని కిందకి చేరింది. సారిక ఎడమ పక్క చెయ్యెత్తి నిలబడింది, అవతల ముగ్గురూ అటే జరిగారు. అప్పుడు ఆ పిల్ల, కాలువ దాటేంత గొంతుతో, “చిన్నీ!” అని అరిచి మధ్యలోకి ఇచ్చింది. ఆ సెట్టంతా ఒక్క బంతి కూడా అందని చిన్ని ఎగిరి కొట్టింది. అడ్డు ఎవరూ లేరు. పన్నెండు–పన్నెండు. ఎనిమిది నెలలుగా నేను ఎదురుచూసింది ఆ ఒక్క బంతి కోసమేనండి.

పదమూడు–పదిహేనుతో ఓడిపోయాం. ఆఖరి బంతి సారిక కొట్టింది. వేలెడంత బయటపడింది. దానికి తబిత ఇచ్చిన బంతి చూశారా? వీడియో ఉంది కదా, పల్లంరాజు గారిని నెమ్మదిగా తిప్పి చూపించమనండి. అంతకన్నా మంచి బంతి ఈ జిల్లాల్లో ఎవరూ ఇవ్వలేరు. సారికను కూడా ఏమీ అనకండి.

ఇప్పుడు నా జవాబు. అవును, తీర్మానాన్ని ధిక్కరించాను. మళ్ళీ ఫైనల్ జరిగితే మళ్ళీ ధిక్కరిస్తాను. వచ్చే నెల ఏలూరు పోటీల్లో తబితే సెట్టర్. ఆ పిల్ల ఇంకా తప్పులు చేస్తుంది. ఇంకో ఏడాది చేస్తుంది. చేయనివ్వాలి. గెలిచినప్పుడు పనికొచ్చిన పిల్ల ఓడినప్పుడు పనికిరాకపోతే అది జట్టు కాదు. నన్ను తీసేస్తే తీసేయండి. నేను పొద్దున్న ఐదున్నరకు గ్రౌండుకు వెళ్ళడం మాత్రం మీ కమిటీ ఆపలేదు. అక్కడికి తబిత వస్తుంది, దానికి బంతి వేసేదాన్ని నేను ఉంటాను. మీకు తోచింది చేసుకోండి. మీ మీద గౌరవం నాకు తగ్గలేదు, అది కూడా నిజమే.

తీర్మానం మీద సంతకం పెట్టని,
పెట్టబోని,
సంపూర్ణమ్మ.

తా.క.: కవరు అంటించాక చింపి మళ్ళీ రాస్తున్నాను. పైన ఒక అబద్ధం రాశాను. అది అలాగే మీ చేతికి వస్తే ఆదివారం చర్చిలో నేను తలెత్తుకోలేను.

ఐదో సెట్టులో తబిత ఫౌల్ చేసినప్పుడు నేను కదల్లేదని రాశాను కదా. కదిలాను. కుర్చీలోంచి లేచాను. అన్నాళ్ళూ పోరాడిన నాకే ఆ క్షణంలో నమ్మకం పోయింది. ఓడిపోతే మీకేం చెప్పాలా అన్నదే మనసులో తిరిగింది. పక్కన బెంచి మీదున్న మీ మీనాకుమారి భుజం తట్టి, “లే, నువ్వెళ్ళు” అన్నాను.

ఫైనల్లో ఆడాలని మీ అమ్మాయికి ఎంత ఆశ ఉందో మీకు తెలుసు, నాకు తెలుసు. మూడు వారాలుగా ఇంట్లో మీరు ఆ మాటే అంటున్నారని కూడా నాకు చెప్పింది. ఆ పిల్ల నా వైపు చూడలేదు. కోర్టులోంచి తమ వైపే చూస్తున్న తబితను చూస్తూ, వేసుకున్న జాకెట్టు జిప్పు మెడ దాకా లాక్కుంది. తబిత చూసింది నన్ను కాదండి, ఆ జిప్పును. అప్పుడే ముఖం తుడుచుకుని అటు తిరిగింది.

తర్వాత మీ అమ్మాయి నాకు మాత్రమే వినపడేలా అంది. “ఇప్పుడు నేనెళ్తే ఈ పాయింటు రావచ్చేమోనండి, టీచర్. తబిత మాత్రం ఇంక ఆటకు రాదు. నేను లేవను. మీరే కూర్చోండి.”

నేను కూర్చున్నానండి.