నూనెపైన నిలిచే గాలి

ప్రొద్దుటూరు,
ఆదివారం.

చిరంజీవి కీర్తనకు నాయన దీవెనలు. దేవుని దయవల్ల నేనూ మీ అమ్మా ఇక్కడ బాగున్నాం. మైసూరు చలిలో నీవూ బాగున్నావని తలుస్తున్నాం. జమ్మలమడుగులో అవ్వ కంటి ఆపరేషన్ సవ్యంగా జరిగింది. కట్టు విప్పగానే మీ అమ్మ జుట్టు నెరిసిందని కనిపెట్టింది.

మిషన్లు లేని రోజుల్లో మన మిల్లులో నూనె చెడిందని ఎట్లా తెలుసుకునేవాడివని పోయిన ఉత్తరంలో అడిగావు. సీసాలో సగందాకా నూనె పోసి, బిరడా బిగించి, కాసేపు ఎండలో పెట్టేవాణ్ణి. తరువాత బిరడా తీసి, నూనెను కాదు, నూనెపైన నిలిచిన గాలిని వాసన చూసేవాణ్ణి. నూనెలు పరీక్షించే మీ ల్యాబులోనూ రబ్బరు మూత సీసాను వెచ్చచేసి, సూదితో పైగాలిని లాగి మిషన్‌కు ఇస్తారని రాశావు. ఆ ముక్క మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు సెలవురోజుల్లో నా సైకిలెక్కి మిల్లుకు వచ్చేదానివి. ఒకసారి పులివెందుల వైపు నుంచి శనక్కాయలు తడిసిన గోతాల్లో వచ్చాయి. వాటి నూనె సీసా నీ ముక్కు దగ్గర పెడితే, "తడిపిన పలక వాసన నాయనా" అన్నావు. మిల్లంతా నవ్వింది. సాయంత్రాలు నూనె వాసన పట్టిన నా చొక్కాకు ఆనుకుని నిద్రపోయేదానివి. ఆ వాసన ఎట్లా ఉండేదో తలచుకుందామన్నా ఇప్పుడు అందడం లేదు తల్లీ.

ఫోన్‌లో నీ గొంతు వింటూ చెప్పలేక ఇది రాస్తున్నాను. రెండేళ్లకిందటి జ్వరం తరువాత నాకు వాసన తెలియడం లేదు. పోయిన నెలదాకా ఎవరికీ చెప్పలేదు. రంగు చూసి, వేళ్లమధ్య రుద్ది, బాగుందనేవాణ్ణి. మిల్లు యజమాని ముబారక్ నా మాటమీదే డబ్బాలు పంపేవాడు.

పోయిన నెల, హాస్టల్లో వంటచేసే ఖమ్రున్నీసా ఒక డబ్బా వెనక్కి తెచ్చింది. నూనె కంపు కొడుతోందని, పిల్లలు తినడం లేదని చెప్పింది. నలుగురిలో ఆమెను తీసిపారేశాను.

"ముప్పై ఏండ్లుగా నూనె చూస్తాండా. నాకే చెప్తావా?" అన్నాను.

ఆమె డబ్బా ఎత్తుకుని వెళ్లిపోయింది. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. అదే విడత నూనెను మిల్లు పేరుతో మీ ల్యాబుకు పంపాను. పంపింది నేనని నీకు తెలియదు. నూనె చెడిందని వచ్చిన కాగితం కింద నీ సంతకమే ఉంది.

కాగితం పట్టుకుని హాస్టల్‌కు పోయాను. "నాకు వాసన తెలీదమ్మా. నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాది" అన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టింది. "రెండేండ్లు ఎవురికీ చెప్పకుండా ఎట్లుంటివప్పా?" అంది.

తిట్టి ఉంటే తేలికయ్యేది. ముబారక్‌కూ చెప్పాను. అతను ఆ విడత డబ్బాలన్నీ వెనక్కి రప్పించాడు. నన్ను పొమ్మనలేదు, తన కూతురు బుష్రాకు పని నేర్పమన్నాడు. ఆ అమ్మాయి వాసన ఎట్లా ఉందో చెబుతుంది. అది దేనివల్ల వచ్చిందో నేను చెబుతాను.

ఇక్కడ అందరికన్నా చివర మీ అమ్మకు చెప్పాను. రెండేళ్లుగా ఆమె పులుసు ఘుమఘుమలాడుతోందని మెచ్చుకుంటూ వచ్చాను కదా, ఒక పూటంతా నా వైపు చూడలేదు. ఈ ఉదయం తాలింపు పెడుతూ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఆవాలు చిట్లినాయి. ఎల్లిపాయ ఎర్రబడతాంది. కరేపాకు ఏసినాను, ఇంగ వాసన లేస్తాంది" అని ఒక్కొక్కటే చెప్పింది. నేను గడపలో నిలబడి విన్నాను.

ఇట్లు,
నిన్ను తలచుకునే నాయన,
చెన్నయ్య.