నేను దించిన గాజు మూత

పిప్పీ, నా తల్లీ, ఈ కాగితం మీద మొదటి మాట నీకే. మిగతావి లాయరుకు.

టాస్మేనియా, బోత్‌వెల్‌లో ఉంటున్న థెల్మా బ్రాడ్రిబ్ అనే నేను, వయసు డెబ్బై ఎనిమిది, మతి స్థిమితంగా ఉండి, ఎవరూ చెయ్యి పట్టి రాయించకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. ఆరో తరగతితో చదువు ఆగింది, తప్పులుంటే సర్దుకోండి. ఇంతకుముందు రాసినవి చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా చెల్లెలి కూతురు డెల్వీన్‌ది.

1. ఇల్లు, స్థలం, బ్యాంకులో ఉన్నది, అంతా చనిపోయిన నా కూతురు పిప్ బిడ్డ ఓర్లాకు చెందాలి.

2. పెరట్లోని నారుపెట్టె, పాత కిటికీ తలుపులతో చేసిన గాజు మూతతో సహా, ఓర్లాకే. అయితే దాని సంగతి తెలిసి తీసుకోవాలి.

ఓర్లా, మీ అమ్మ పంతొమ్మిదో ఏట ఆ పెట్టెలో అరవై టమాటా మొక్కలు పెంచింది. అక్టోబరులో షో డే, అంటే రైతుల ప్రదర్శన రోజు, దాటితేనే ఇక్కడ టమాటా బయట నాటుతాం, అప్పటికి ఊళ్లో మంటలార్పే బండి ఉండే ఫైర్ షెడ్డులో అమ్మకానికి పెట్టాలని. ఇక్కడ చలికాలం అప్పుడే వెనకబట్టే సెప్టెంబరులో ఒక ఉదయం నేలంతా తెల్లటి మంచు. ఎండ రాగానే పిప్ మూత ఎత్తి, కర్ర ఆనించి పనికి వెళ్లింది. కొండగాలికి భయపడి నేను కర్ర తీసేసి, మూత దించి, చర్చి పనిమీద పోయాను. మధ్యాహ్నం వచ్చేసరికి ఎండ వేడికి అద్దం కింద మొక్కలన్నీ ఉడికిన పాలకూరలా ఒరిగి ఉన్నాయి.

అమ్మకం రోజున ఆడవాళ్లు, "ఏం థెల్మా, నారేదీ?" అన్నారు. "మా పిల్లకు మూత ఎత్తడం కూడా చేతకాదు, రేపు కాపురమేం చేస్తుందో" అన్నాను. అందరూ నవ్వారు. పక్కనే ఉన్న పిప్, "అమ్మా, నేను కర్ర పెట్టే వెళ్లాను" అని మెల్లగా అంది. "మరి దానికి రెక్కలొచ్చాయా?" అన్నాను. ఆ తర్వాత మీ అమ్మ మట్టి ముట్టలేదు. నువ్వు పుట్టిన ఆ మేడమీది ఇంట్లో ఒక్క కుండీ అయినా చూశావా?

3. నా ఊలు చేతితొడుగులు డెల్వీన్‌కు. దాని వేళ్లు ఊరికే చల్లబడతాయి.

4. మొక్కలు పెంచే నా చిన్న గాజుగది పొరుగింటి మెర్వ్‌కు. ఏటా క్రిస్మస్‌కు నాకన్నా ముందే టమాటా కోస్తాడని ఇరవై ఏళ్లుగా నాకు కడుపుమంట. పోయిన జూన్‌లో పిప్‌ను పూడ్చి వచ్చాక టీ తాగుతూ, "మంచి పిల్ల, నారు ఉడకబెట్టడంలో మాత్రం దిట్ట" అన్నాడు. నన్ను నవ్వించాలనే అన్నాడు పాపం. నేను నవ్వాను. నా బిడ్డ మీద పోసిన మట్టి నా బూట్లకు ఇంకా తడిగానే ఉంది.

5. నేను పోయాక వచ్చే మొదటి నారు అమ్మకం రోజున, డెల్వీన్ ఫైర్ షెడ్డులో నిలబడి పై రెండో అంశం అందరికీ వినపడేలా చదవాలి. మెర్వ్ ముందు వరసలో కూర్చుని వింటేనే గాజుగది అతనిది. బతికుండగా నువ్వే చెప్పొచ్చుగా అంటారు. చెబుదామనే ఆ షెడ్డుకు మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ వాన గురించి మాట్లాడి తిరిగొచ్చాను.

తేదీ: 2 సెప్టెంబరు 2019
సంతకం: థెల్మా బ్రాడ్రిబ్
సాక్షులు: కోరల్ ఫెంటన్, లెస్ హార్‌వుడ్

ఓర్లా, ఇది చదివి తిండి మానకు. వేళకు బాగా తిను.