లాప్‌టాప్‌కు రెండేళ్ళు

హిందూపురం,
ఆదివారం పొద్దున.

అక్క పద్మకు, చెల్లెలు నాగరత్న దండాలు పెట్టి రాసుకునేది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, అవ్వ అక్కడ బాగున్నారని తలుస్తాను. అవ్వ మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను పంపిన నూనె రాసుకుంటోందా, లేక సీసాను దేవుడి గూట్లో పెట్టి దానికే దండం పెడుతోందా?

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాలేదని ఈపాటికి నన్ను తిట్టుకునే ఉంటావు. మగ్గం మీది నిలువు పోగుల వార్పు ఆఖరి చీరకు వచ్చిందని, ఆ చీర దిగేలోగా ఒక మాట చెప్పమని రాశావు. నేను ధర్మవరం వచ్చేస్తానంటే సావుకారు ఇచ్చే కొత్త వార్పు వద్దంటానని, మనమే పట్టు తెచ్చుకుని నేను గీసిన అంచుతో నువ్వు నేస్తానని రాశావు. రానంటే ఆయన వార్పే అతికించుకుంటావు. ఒకసారి పాత పోగుల కొసలకు కొత్త పోగులు అతికించాక మధ్యలో వదిలేసి లేచే రివాజు మన ఇంట్లో లేదు. ఇదంతా నాకు తెలుసక్కా. తెలుసు కాబట్టే ఇన్ని రోజులు కలం పట్టలేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోను కొట్లో, మా యజమాని గోవిందప్ప గారి బల్ల మీద ఉంటుంది, ఆయన దాని పక్కనే ఉంటారు. నేను "అక్కా" అనగానే రేడియో సౌండు తగ్గిస్తారు. పాపం, నాకు సరిగా వినబడాలని. ఇక నేనేం మాట్లాడతాను?

నా తిండి గురించి దిగులు పడొద్దు. రోజూ వండుకుంటున్నాను. ఇక్కడ అన్నిటిలో బెల్లం వేస్తారు, చివరికి సాంబారులో కూడా. మొదట్లో కోపం వచ్చేది, ఇప్పుడు అలవాటై, నిన్న నా చేత్తో నేనే వేశాను. అది తలుచుకుంటే ఇంకా కోపం వస్తోంది. వానలు లేవు కానీ ఆషాఢం గాలి ఊరికే వదలడం లేదు. కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. నేను మూసే ఉంచుతాను, నా కోసం కాదు, నేను చీరల అంచులు గీసే లాప్‌టాప్ కోసం.

దాని కథ నీకు పూర్తిగా చెప్పలేదు. పక్క కొట్టు తాళం ఎవరో పగలగొట్టారని రాశాను కదా, ఆ రోజు నుంచి గోవిందప్ప గారు లాప్‌టాప్‌ను కొట్లో ఉంచడం లేదు. సాయంత్రం నా గదికి తెచ్చుకుని, పొద్దున మళ్ళీ తీసుకుపోవాలి. ఆదివారం కూడా అది నా దగ్గరే. గదిలో వదిలి ఊరికి వద్దామంటే ఎలకలు, దొంగలు. రైల్లో వెంట తెచ్చుకుందామంటే, "వద్దమ్మా, ప్యాసింజరు బండిలో దుమ్ము, తోపులాట. కిందపడితే నీకూ నాకూ ఏడుపే" అంటారు. మన ఊరికి రెండు గంటల దారి. నా గదిలోకి రైలు కూత వినబడుతుంది. పెనుకొండ దాటితే మన గాలి తగులుతుందని నాయన అనేవాడు. ఎనిమిది నెలలైంది ఆ గాలి తగిలి. పసిబిడ్డ ఉన్నవాళ్ళయినా చంకనేసుకుని పుట్టింటికి పోతారు. నా బిడ్డకు రైలు పడదు.

దానికి కంపెనీవాళ్ళ వారంటీ ఒక ఏడాది. అది అయ్యేలోగా ఇంకొంత కడితే మరో రెండేళ్ళు పొడిగిస్తారు. ఈ నెల మొదట్లో గోవిందప్ప గారు నన్ను కూర్చోబెట్టి అడిగారు.

"రత్నమ్మా, నువ్వు చదువుకున్నదానివి. కడదామా, వద్దా? నువ్వెట్ల చెప్తే అట్ల."

నేను కనుక్కుని చెబుతానన్నాను. అప్పుడు ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశారు. "కట్టేదయితే రెండేండ్లు దాని మీద పని చేసే మనిషి ఉండల్ల కదమ్మా. దుడ్లు పెట్టినాక నువ్వు లేచిపోతే నేను దాన్ని పెట్టుకుని అంచులు గీస్తానా? ఈడొక సంతకం పెడితే సాలు."

రెండేళ్ళు ఇక్కడే పని చేస్తానని ఆ కాగితంలో రాసి ఉంది. అదే వారంలో నీ ఉత్తరం వచ్చింది. అక్కడ నువ్వు వార్పు అతికించాలా వద్దా అని అడుగుతున్నావు, ఇక్కడ ఈయన వారంటీ కట్టాలా వద్దా అని అడుగుతున్నారు. ఇద్దరికీ జవాబు నేనే చెప్పాలి. రెండింటికీ ఒకే జవాబు.

వారంటీ దండగ అని చెప్పేద్దామనే కంప్యూటర్ల కొట్టుకు పోయాను. అక్కడున్న ఆయన నన్నే అక్కా అన్నాడు, నెరిసిన మీసం పెట్టుకుని.

"కింద పడితే బాగు చేస్తారా అప్పా?"

"అది వర్తించదక్కా."

"నీళ్ళు పడితే?"

"లేదక్కా."

"కరెంటు ఎక్కువ తక్కువై కాలిపోతే? ఎలక తీగ కొరికితే? ఎవరన్నా ఎత్తుకుపోతే?"

"అవేవీ రావక్కా."

"మరి దేనికొస్తుందప్పా?"

"దానంతట అది చెడిపోతే వస్తాదక్కా."

నాకు నవ్వొచ్చింది. మన ఊళ్ళలో ఏ వస్తువు దానంతట అది చెడిపోయిందక్కా? పడేసేవాళ్ళు, తడిపేవాళ్ళు లేకుండా? నవ్వుకుంటూ లేవబోయాను కానీ లేవలేకపోయాను. ఎందుకంటే మన లాప్‌టాప్ దానంతట అదే చెడిపోతోంది. రెండు నెలలుగా తెరకు ఎడమ వైపు పచ్చటి గీత ఒకటి పైనుంచి కిందకు పడుతోంది, పోతోంది. దూకిపోయిన పోగు లాగా. ఆ సంగతి చెబితే ఆయన తల ఊపాడు. "తెర పోతాదక్కా. ఆర్నెల్లో, ఏడాదో. వారంటీ లేకుంటే కొత్త తెర చానా అవుతాది. ఏదీ, బిల్లు సూపించు."

గురువారం బిల్లు తీసుకుపోయి చూపించాను. ఆయన దాన్ని చూసి, గోడ మీది క్యాలెండరు చూసి, "శనివారం దాకా ఉండాది అక్కా. సాయంత్రం ఆరు లోపల కట్టల్ల" అన్నాడు.

"లేదప్పా, శ్రావణం వరకు టైముంది. మేం పని మొదలుపెట్టింది మొదటి శుక్రవారం."

"కంపెనీవోళ్ళకు శ్రావణం గిరావణం తెలీదక్కా. బిల్లు రాసిన దినమే లెక్క."

నీకు గుర్తుందా? పోయిన ఆషాఢంలో కొన్నారు. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదని పెట్టె కూడా విప్పకుండా వాళ్ళ దేవుడి గదిలో పెట్టి, శ్రావణ శుక్రవారం పసుపు కుంకుమ పెట్టాకే తెర తీశారు. మన లెక్క మగ్గం లెక్క కదా. పట్టు ఎప్పుడు కొన్నామన్నది ఎవరికి కావాలి, పోగు ఎక్కించిన రోజు నుంచే వార్పుకు వయసు. నేనూ అలాగే లెక్క వేసి, ఇంకా టైముందిలే అని గోవిందప్ప గారికి చెప్పాను. ఆయనా క్యాలెండరులో శ్రావణ శుక్రవారానికే సున్నా చుట్టుకున్నారు.

అక్కా, అప్పుడు నాకేం తోచిందో నీ దగ్గర దాచను. నోరు మూసుకుని ఉంటే చాలనిపించింది. శనివారం ఆరు దాటితే వారంటీ కట్టే దారే ఉండదు. వారంటీ లేకపోతే ఆ కాగితమూ లేదు. పది రోజులయ్యాక "అయ్యో, తేదీ దాటిపోయిందట అయ్యా" అని ముక్కున వేలేసుకుంటే సరి. ఆ గురువారం సాయంత్రం కిటికీ తీసి అన్నం తిన్నాను, దుమ్ము పడుతున్నా సరే. నీకు రాయాల్సిన ఉత్తరం మనసులో రాసేసుకున్నాను. సావుకారుకు వద్దని చెప్పు, వస్తున్నాను అని.

శుక్రవారం ఆ పచ్చ గీత మూడుసార్లు పడింది. శనివారం పొద్దున్నే గోవిందప్ప గారు పెనుకొండలో వియ్యంకుల ఇంట్లో షష్టిపూర్తి అని బయల్దేరారు. పోతూ పోతూ, "కొట్టు నీదేనమ్మా ఈ పొద్దుకు" అన్నారు. నేను పని చేస్తూనే ఉన్నాను. అంచులో హంస గీస్తున్నాను, దాని మెడ ఎన్నిసార్లు గీసినా కొక్కెంలాగే వస్తోంది. నాయన మాటే చెవిలో మోగుతోంది. "తెగిన పోగు దాసిపెడితే సీర మడతలో దొరుకుతాది." ఒకసారి నువ్వు దాచి, కొన్నవాళ్ళు చీర తిరగ్గొట్టినప్పుడు అన్నాడు చూడు, ఆ మాట. తిట్లు తిన్నది నువ్వు, బుద్ధి వచ్చింది నాకు. ఎంత అన్యాయం!

పన్నెండున్నరకు ఫోన్ తీసి పెనుకొండకు చేశాను. తేదీ చెప్పాను, గీత గురించి చెప్పాను, కట్టడమే మంచిదని కూడా నేనే చెప్పాను.

ఐదు గంటలకల్లా ఆయన వచ్చేశారు. "పెరుగన్నం తినకుండా ఇస్తరి ముందర నుంచి లేసొచ్చినా తల్లీ" అంటూనే కంప్యూటర్ల కొట్టుకు పరుగెత్తారు. కట్టి, రసీదు తెచ్చుకుని, చెమట తుడుచుకుంటూ కుర్చీలో కూలబడ్డారు. తర్వాత సొరుగు తీశారు. నేను కలం కోసం చూస్తున్నాను. నిజంగానే, సంతకం పెట్టడానికే సిద్ధపడ్డాను.

ఆయన ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు.

"ఇది ఇంగెందుకమ్మా? నా నష్టం నాకంటే ముందు నువ్వు సూసినావు. ఇంటి బిడ్డ కాడ సంతకం పెట్టించుకుంటారా ఎవురన్నా? నువ్వు యాడికి పోతావు?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాక్కూడా తిరిగాయి. ఆయన నావి చూసి వేరేగా అనుకున్నారు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరిచాను అక్కా. షష్టిపూర్తి లడ్డు పెట్టారు.

రాత్రంతా అదే ఆలోచించాను. ఆ కాగితంలో రెండేళ్ళు అని రాసి ఉంది. రెండేళ్ళు నిండిన రోజు సంచీ సర్దుకుని నిలబడితే ఆయన కాదనలేకపోయేవారు. అది చినిగాక నాకు తేదీ లేకుండా పోయింది. లాప్‌టాప్‌కు రెండేళ్ళని రసీదులో స్పష్టంగా ఉంది. నాకు ఎన్నేళ్ళని ఎక్కడా లేదు. కాగితాన్నయితే తిట్టుకోవచ్చు, నన్ను బిడ్డ అన్న మనిషిని ఎట్లా తిట్టుకోను?

కాబట్టి నువ్వు సావుకారు వార్పే అతికించుకో. నాకోసం మగ్గం ఖాళీగా ఉంచొద్దు. ఖాళీ మగ్గాన్ని చూస్తే బావకు దిగులు, అవ్వకు భయం. నేను బాగానే ఉన్నాను, మళ్ళీ చెబుతున్నాను, బాగానే ఉన్నాను. నాయన అంచులు గీసిన గ్రాఫు కాగితాల కట్ట పంపమని అడిగాను కదా, అది పంపొద్దు, అక్కడే ఉండనీ. పురుగు పట్టకుండా వేపాకు వేసిపెట్టు. బావ ఎప్పుడైనా ఇటు వస్తే చెనక్కాయల పొడి పంపు, కారం ఎక్కువ వెయ్యి. బెల్లం నాలుక మళ్ళీ దారికి రావాలి.

బావకు నమస్కారాలు చెప్పు. అవ్వకు నా బదులు నువ్వు కాళ్ళు మొక్కు. ఎప్పుడూ "యాడుంటే ఆడ సల్లగా ఉండు" అని దీవిస్తుంది కదా. ఈసారి ఆ దీవెన వద్దని చెప్పు. ఇంటికి రమ్మని దీవించమను.

నీ చెల్లెలు,
నాగరత్న