ఓడ పైకి లేచేదాకా

కార్కమ్ రేవు, నోవా స్కోషియా

అమ్మా,

బెంగ పెట్టుకోకు, వీల్‌చైర్‌లో నాన్న హాయిగా ఉన్నాడు. నిన్న రేవులో మ్యూజియంగా మార్చిన పాత చేపల ఓడ చూడబోయాం. ఆటుకు నీళ్ళు తగ్గడంతో ఓడ కిందికి దిగిపోయి, ఎక్కే చెక్కవంతెన బాగా ఏటవాలుగా ఉంది. తమ్ముడు లార్న్ ఎత్తుకుంటానంటే, "నేనేమన్నా చేపల బుట్టనట్రా? పోటు రానీ!" అన్నాడు నాన్న. వేయించిన చేపలు తింటూ అక్కడే కూర్చున్నాం. మెల్లగా సముద్రమే ఓడను పైకెత్తి వంతెనను చదును చేసింది. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా, తనే చక్రాలు తిప్పుకుంటూ దొరలా ఎక్కాడమ్మా! చూడ్డానికి నాకు రెండు కళ్ళూ చాల్లేదు.

కోళ్ళగూడు తలుపు బిగించావా? ఈనస్ మామయ్యను అడిగానని చెప్పు. అన్నట్టు మామయ్యకు ఓ వడ్రంగం పని ఉంది. ఇన్నాళ్ళూ ఇంటి మెట్లకు ర్యాంపు వద్దని మొండికేసిన నాన్న, తిరిగొస్తూ తనే అన్నాడు: "మన గుమ్మం దాకా పోటు రాదుగా! ర్యాంపు వేయించమని మీ అమ్మకు రాయి."

ముద్దులతో,
నీ వెర్నా