రాయిలో నానమ్మ సగం

జూన్ 8

ప్రియమైన నానమ్మకి,

...అంతేకాదు, దోమలు కూడా. నిన్న రాస్తుంటే అమ్మ గదిలోకి వచ్చేసింది, అందుకే సగంలో ఆపి పోస్ట్ చేసేశా. ఫోన్ చేద్దామంటే తాతయ్య స్పీకర్లో పెట్టి క్యాంపు మొత్తానికి వినిపిస్తాడు. మళ్లీ చెప్తున్నా, ఈ సమ్మర్‌కి మన ఊరు రాకండి. రిటైరయ్యాక ఇల్లమ్మేసి చక్రాల ఇల్లు కొనుక్కున్నది ఊళ్లు తిరగడానికే కదా? మోంటానాలోనే ఉండండి. అక్కడ కొండలున్నాయి. ఇక్కడ నార్త్ డకోటాలో ఏముంది, లెఫ్సా రొట్టెలా చదునుగా నేల.

నాకు చర్చి శ్మశానంలో గడ్డి కోసే పని దొరికింది. బాగానే ఉంది. చెప్పడానికేం లేదు.

ఉంటాను,
నీ మారిట్

తా.క. (ఈ ముక్క చింపేసి పోస్ట్ చేస్తా.) నానమ్మా, గడ్డి మిషన్ వెనక్కి తిప్పుతుంటే మీ ఇద్దరి సమాధి రాయికి తగిలింది. పడిపోయింది. సరిగ్గా మీ ఇద్దరి పేర్ల మధ్య విరిగింది. అసలు బతికుండగానే రాయి ఎవరు పెట్టుకోమన్నారు మిమ్మల్ని?

*

జూన్ 14, మోంటానా

బంగారుతల్లికి,

రావొద్దని రెండుసార్లు రాశావంటే తప్పకుండా రావాలన్నమాట. ఎవరే ఆ అబ్బాయి? మీ తాతయ్య అప్పుడే "పిల్ల ప్రేమలో పడింది ఆర్డిస్, బండి తియ్యాలి" అంటూ టైర్లలో గాలి చూసుకుంటున్నాడు. వస్తూనే మొదట శ్మశానానికేనట. ఏటా దిగే ఫోటో ఉందిగా, మా రాయి ముందు మడత కుర్చీలేసుకుని? క్రిస్మస్ కార్డు మీద "ఇంకా భూమ్మీదే ఉన్నాం" అని వేసి అందరికీ పంపకపోతే ఆయనకి పండగే కాదు.

ముద్దులతో,
నానమ్మ

తా.క. అబ్బాయి మనలా లూథరన్ చర్చి వాడైతే చాలు. కాకపోతే కనీసం పనిమంతుడై ఉండాలి.

*

జూన్ 19

ప్రియమైన నానమ్మకి,

అబ్బాయీ లేడు, గిబ్బాయీ లేడు. ఒట్టు.

ఈసారి ఫోటో ధాన్యం గోదాం ముందు దిగితే? ఎందుకంటే రాయి మీద టార్పాలిన్ కప్పి ఉంది. ఎందుకు కప్పావని ఓడెగార్డ్ అంకుల్ అడిగాడు, శ్మశానం చూసుకునేది ఆయనే కదా. సర్‌ప్రైజ్ అని నోటికొచ్చింది చెప్పేశా. ఆయన వాళ్లావిడకి చెప్పాడు. ఆవిడ చర్చి ఆడవాళ్లందరికీ చెప్పింది. ఇప్పుడు మీరొచ్చాక ఆదివారం ప్రార్థన అవగానే అందరూ వెళ్లి ముసుగు తీస్తారట. పాస్టర్ గారు రెండు మాటలు మాట్లాడతారట. నేనేం ఒప్పుకోలేదు నానమ్మా, నోరు తెరిచేలోపే కేకుల్లోకి పెరట్లో రూబార్బ్ కాడలు కోసేశారు!

కంగారుగా,
మారిట్

తా.క. (ఇదీ చింపేస్తా.) జిగురు పెట్టి చూశా. రాయి అతకలేదు. నా గ్లవ్ అతుక్కుంది. తాతయ్య పేరు మీద ఇప్పుడు ఓ చెయ్యి ఉంది.

*

జూన్ 24, ఇంకా మోంటానాలోనే

మారిట్ తల్లికి,

సర్‌ప్రైజ్ అనగానే మీ తాతయ్య ఏడ్చేశాడు. మా వెర్లిన్ ఏడవడం మీ నాన్న పుట్టినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడే. "చూశావా, పిల్ల మన రాయి మీద ఏదో చెక్కిస్తోంది. ఇక తిరిగింది చాలు. బండి అమ్మేసి, రాయి ఉన్న ఊళ్లోనే చిన్న ఇల్లు చూసుకుందాం" అంటున్నాడు. అప్పట్నుంచీ నాకు కాఫీ కూడా సయించట్లేదు. కూర్చోలేను, పడుకోలేను. బండి చుట్టూ తిరుగుతున్నా.

జూలై మొదటి శనివారానికి వచ్చేస్తాం.

నీ నానమ్మ

తా.క. నిజం చెప్పవే. ఆ టార్పాలిన్ కింద ఏముంది? నీ ఉత్తరం పోస్టాఫీసుకి నేనే వెళ్లి తీసుకుంటా, ఆయన కంట పడనివ్వను.

*

జూన్ 28

నానమ్మకి,

ఈసారి ఏమీ చింపట్లేదు. మీ రాయి విరగ్గొట్టాను. గడ్డి మిషన్‌తో. నువ్వు అటు, తాతయ్య ఇటు. అమ్మకి తెలీదు, ఎవరికీ తెలీదు. పని పోతే పోనీ. కానీ తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి నడపడం నేర్పించేవాడు, ఇంక నేర్పుతాడా? అదీ కాక, సరిగ్గా మీ మధ్యలోనే విరిగింది, ఏమైనా చెడ్డ శకునమేమోనని నిద్ర పట్టట్లేదు. దయచేసి ఆ ఆదివారం ఆపు.

తప్పు చేసిన,
మారిట్

తా.క. గ్లవ్ గురించి అడగకు.

*

జూలై 1, దారిలో

నా బంగారుకొండకి,

అతికించకు! మేమొచ్చేదాకా ముట్టుకోకు!

ఇన్నేళ్లూ నేను కొండలు చూడ్డానికి తిరుగుతున్నాననుకున్నావా? మా రాయికి ఎడం పక్కన ఎవరున్నారో వెళ్లి చూడు. మా అత్తగారు, గుద్రున్. నా లెఫ్సా మందమని బతికినన్నాళ్లూ అంది. ఆవిడ పక్కన స్థలం కొంటున్నామని మీ తాతయ్య అన్నప్పుడు మొహమాటానికి సరే అన్నాను. నేనెక్కడ ఆగినా చివరికి ఆవిడ పక్కనే ఆగాలి. అందుకే ఆగట్లేదు.

నా సగం మా బండి కింద సామాన్ల అరలో పెట్టేయ్. నా రాయి నాతో వస్తుంది. ఆయన సగం ఆయనిష్టం. వాళ్లమ్మ పక్కనా, నా పక్కనా? ఆ ప్రశ్న నేనెప్పుడూ అడగలేదే. ఇప్పుడూ అడగలేను. భయం.

నీకంటే భయస్థురాలు,
ఆర్డిస్

తా.క. ఏ గ్లవ్?

*

శనివారం

ప్రియమైన నానమ్మకి,

నువ్వు కింద వంటింట్లోనే ఉన్నావని తెలుసు. మాట్లాడితే అమ్మ వింటుంది, అందుకే రాసి నీ సంచిలో పడేస్తా. నీ సగం కదిపి చూశా, నావల్ల కాలేదు. తాతయ్య బండి దిగీ దిగగానే ఒక్కడే శ్మశానానికి వెళ్లాడు. వెళ్లి చాలాసేపైంది. నేను కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతూనే ఉన్నా. ఆయనకి కోపమొస్తే పర్లేదు. ఆయన ఇక్కడే ఉండిపోతానంటే నువ్వేం చేస్తావ్? ఒక్కదానివే బండి

తలుపు కొడుతున్నారు.

తాతయ్యే.

"మారిట్, తలుపు తియ్యవే. మీ నానమ్మకి వినపడకూడదు. ఓడెగార్డూ నేనూ కలిసి ఆర్డిస్ సగం బండిలోకి ఎక్కించాం. మా అమ్మ పక్కన ఆవిడ పడుకోదని నాకు పెళ్లినాడే తెలుసు. ఓడెగార్డ్‌కి నడుం పట్టేసి ఇంటికెళ్లాడు, నీ పని సంగతి సోమవారం మాట్లాడతాడట. నా సగం ఇంకా అక్కడే ఉంది, అదీ బండెక్కాలి, నా ఒక్కడివల్ల కావట్లేదు. రా, ఓ చెయ్యి వెయ్యి."

వస్తున్నా తాతయ్యా అన్నాను. ఈ కాగితాలు పరుపు కింద